అప్‌డేట్: పాప క్యాంప్‌కి వెళ్లొచ్చింది

పోయిన నెల అడిగాను కదా, మా పదేళ్ల పాపని ఆరు రోజుల సమ్మర్ క్యాంప్‌కి హార్స్‌లీ హిల్స్ పంపుతున్నాం, ఒక్క రాత్రి కూడా మమ్మల్ని వదిలి ఉండలేదు, ఎలా అలవాటు చేయాలి అని. నిన్న తిరిగొచ్చింది. బాగానే ఉంది, కొంచెం నల్లబడిందంతే.

చాలామంది ముందు అవ్వ దగ్గర వదిలి చూడమన్నారు. కదిరిలో మా అమ్మ ఇంట్లో దింపి నేను అనంతపురం వచ్చేశాను. మొదటి రాత్రి పదకొండింటికి ఫోన్, వచ్చి తీసుకెళ్లమని ఒకటే ఏడుపు. వెళ్లలేదు (నేనూ ఏడ్చాను, అది వేరే సంగతి). రెండో రాత్రి ఫోనే రాలేదు.

బ్యాగు తననే సర్దుకోనివ్వమన్న సలహా నిజంగా పనికొచ్చింది, కరెంటు పోయినప్పుడు టార్చ్ ఎక్కడుందో వెతుక్కోలేదట. బట్టల మీద మార్కర్‌తో పేరు రాశాం, అయినా ఒక సాక్సు పోయి ఎవరిదో టవల్ వచ్చింది.

తప్పు నాదే ఒకటుంది. తను పెట్టుకున్న స్వెటర్‌ని మే నెలలో ఎందుకని నేనే తీసేశాను. మన అనంతపురం ఎండలో కూర్చుని ఆలోచిస్తే అలాగే ఉంటుంది, ఆ కొండ 1,200 మీటర్లకు పైనే, రాత్రి చలేస్తుంది. పక్క మంచం పిల్ల దుప్పటి ఇచ్చిందట.

ఫోన్ ఉండదు కాబట్టి మా అడ్రసు రాసిన అర్ధరూపాయి పోస్టుకార్డులు మూడు ఇచ్చి పంపాను. ఒకటి ఇవాళ, తనకంటే ఒకరోజు ఆలస్యంగా వచ్చింది: "నిప్పట్లు అయిపోయాయి. నేను ఏడవలేదు. మంగళవారం కొంచెం."