అప్‌డేట్: మహిమ, మెప్పు రెండూ ఒకే గ్రీకు పదం

రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్సండి. బైబిల్లో యోహాను సువార్త 1:14లో "మహిమ", 12:43లో "మనుష్యుల మెప్పు", ఈ రెండూ గ్రీకులో ఒకటేనా అని అడిగా కదా, ఒకటేనండి, రెండు చోట్లా దోక్సానే. గ్రీకు తత్వవేత్త ప్లేటో రోజుల్లో దానికి అభిప్రాయం అని అర్థం, జనం మన గురించి ఏమనుకుంటారో అదే పేరుప్రతిష్ఠ కూడా, తర్వాత హీబ్రూ లేఖనాల్ని గ్రీకులోకి మార్చినవాళ్లు మహిమ అని అర్థమొచ్చే కాబోద్ అన్న హీబ్రూ మాటకి ఇదే పెట్టారు, కాబోద్ మూలమేమో బరువు, అలా దేవుని సన్నిధి, వెలుగు అన్నీ ఈ పదంలోకి వచ్చేశాయి. నన్ను పట్టేసింది మాత్రం 2 కొరింథీ 4:17, అక్కడ పౌలు "చులకని శ్రమ" (అంటే తేలికైన శ్రమ) అని వెంటనే "మహిమ భారము" అంటాడు, ఆ హీబ్రూ బరువు మళ్లీ వినిపిస్తోంది చూడండి! ఈ ఆదివారం బైబిల్ స్టడీలో ఇదే చెప్తున్నా.