సత్సుమా టీపాట్: అడుగున ఉన్న ముద్రను నమ్మాలా, పైనున్న పనితనాన్నా?

ఎడిసన్_శ్రీను
అందరికీ నమస్తే. న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో 45 డాలర్లకు జపాన్ టీపాట్ కొన్నాను. మీగడ రంగు, ఒళ్లంతా సన్నటి నెర్రెలు, బంగారు గీతల మధ్య కిమోనోలు కట్టుకున్న ఆడవాళ్లు. అడుగున వలయంలో కూడిక గుర్తు, దాని కింద జపాన్ అక్షరాలు. ఫోటో చూసిన ఒక వర్తకుడు "సత్సుమా ప్రభువుల ముద్ర, 1850 నాటిది, 900 డాలర్లకు తగ్గదు" అన్నాడు. మా బావేమో "ఇలాంటివి వీధికి పది దొరుకుతాయి" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

పింగాణీపిచ్చి
శ్రీను గారూ, మీ బావగారి మాటే నిజానికి దగ్గర. ఆ గుర్తు షిమాజు వంశానిదే, అందులో అబద్ధం లేదు. జపాన్‌లో క్యూషూ దీవి దక్షిణాన సత్సుమాను ఏలినవాళ్లు వాళ్లే. 1590లలో జపాన్‌ను ఏలుతున్న హిదెయోషి కొరియా మీద దండెత్తినప్పుడు పట్టి తెచ్చిన కుమ్మరులతో అక్కడ ఈ పని మొదలైంది. కానీ 1867 పారిస్ ప్రదర్శనలో సత్సుమా వాళ్లు తమ సరుకు పెట్టాక యూరప్‌లో దీనికి గిరాకీ పెరిగింది. దాంతో క్యోటో, ఒసాకా, యోకొహామాల్లో కూడా అదే రకం చేసి, అదే ముద్ర వేసి ఓడలెక్కించారు. 1871లో సంస్థానాలే రద్దయ్యాయి, ముద్ర మాత్రం మిగిలింది.

ఫోటోలో ముద్ర కింద మొదటి మూడు అక్షరాలు "దై నిప్పొన్". అంటే మహా జపాన్. తన ప్రభువు కోసం చేసే పాత్ర మీద కుమ్మరి దేశం పేరు ఎందుకు రాస్తాడు? అది పరదేశం వాడు చూడాలని రాసింది. మెయ్‌జీ కాలం, అంటే 1868–1912 మధ్యది అయ్యుంటుంది. ఒళ్లంతా మనుషుల బొమ్మలతో నింపడం కూడా ఎగుమతుల కోసం వచ్చిన అలవాటే.

కొమ్ముచెంబు
మీరు ముద్రను మరీ తీసిపారేస్తున్నారండీ. ఒసాకాలో యాబు మెయ్‌జాన్, క్యోటోలో కింకోజాన్ లాంటి పేరున్న పనివాళ్ల సంతకాలున్న వాటి ధరే వేరు. ఇక తేదీల సంగతి. 1891 నుంచి అమెరికాకు వచ్చే సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలన్నారు, అందుకే ఇంగ్లీషు అక్షరాల్లో "నిప్పొన్" వచ్చింది. 1921లో అది చెల్లదు, "జపాన్" అనే రాయాలన్నారు. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే రెండో ప్రపంచయుద్ధం తర్వాతది, 1952 లోపుది. అడుగు చదవకుండా ఇవన్నీ ఎలా తేలుస్తారు?

పింగాణీపిచ్చి
ఆ తేదీలు ఒప్పుకుంటాను అక్కా. కానీ ఇంగ్లీషు లేనంత మాత్రాన 1891కి ముందుదని చెప్పలేం. అమెరికాకు కాకుండా వేరే దేశాలకు వెళ్లినవి ఉన్నాయి, కాగితం లేబుల్ ఊడిపోయినవీ ఉన్నాయి. ముద్ర వేయడానికి నిమిషం చాలు. ముఖం గీయడానికి చెయ్యి తిరగాలి.

ఈ మాట దెబ్బ తిని చెబుతున్నాను. ఆరేళ్ల క్రితం సంతకం చూసి ఒక టీపాట్‌కి నెల జీతంలో సగం పోశాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే ఆడవాళ్ల బుగ్గలు నిండా చిన్న చిన్న చుక్కలు, వార్తాపత్రికలో ఫోటోలా. అచ్చు బొమ్మ అతికించి పైన బంగారం పూశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శ్రీను గారూ, ముందు భూతద్దం పట్టండి. కుంచె గీత మొదట్లో లావుగా, చివర సన్నగా ఉంటుంది. ఎనామెల్, అంటే పైన పూసి కాల్చిన రంగు, వేలికి ఉబ్బుగా తగులుతుంది. తర్వాత లోపల టార్చి వెయ్యండి. సత్సుమాది వెలుతురు చొరబడే పోర్సిలిన్ కాదు, మట్టి పాత్ర, వెలుతురు బయటికి రాకూడదు. "రాయల్ సత్సుమా" అని ఇంగ్లీషులో అచ్చు ఉంటే 20వ శతాబ్దం చివరి చైనా సరుకు అనుకోండి. వాడిన పాట్ అయితే బంగారం పిడి మీద, మూత బొడిపె మీద అరిగి ఉండాలి.

పాతబస్తీ_రఫీ
ధర గురించి ఒక్క మాట. 900 అనేది అమ్మేవాడు అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. వేలంపాటల్లో అమ్ముడైనవి చూడండి. కప్పులు లేని ఒంటి టీపాట్, కొమ్ము చివర పెచ్చు లేచినది, బాగా పడిపోతుంది. బ్లీచ్‌లో నానబెట్టొద్దు అన్నా, నెర్రెల్లోకి దిగుతుంది. పీచు పెట్టి తోమితే బంగారం పోతుంది. సలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ పింగాణీ ముందు అరగంట నిలబడితే కంటికి తేడా తెలుస్తుంది.

ఎడిసన్_శ్రీను
అన్నీ చేశాను. వెలుతురు రాలేదు. చుక్కలు లేవు. ఒకావిడ కనురెప్ప ఒక్కో వెంట్రుకా విడిగా కనిపిస్తోంది. చూస్తుంటే ఒళ్లు జలదరించింది. కానీ మూత దగ్గర ఆగిపోయాను. ఒంటి మీద నెర్రెలు నువ్వుగింజంత, మూత మీదవి కందిగింజంత. బంగారం కూడా ఎర్రగా ఉంది.

పింగాణీపిచ్చి
అయితే మూత వేరే పాట్‌ది. 900 మాట మర్చిపోండి. ఎప్పుడు అమ్మినా "మూత దీనిది కాదు" అని రాసి అమ్మండి. ఆ కనురెప్పలు గీసిన చెయ్యి మాత్రం అసలైనదే.

కొమ్ముచెంబు
మూత సంగతి ఒప్పుకున్నాను. కానీ "దై నిప్పొన్" కింద ఇంకా రెండు అక్షరాలున్నాయి, మొదటి ఫోటోలో మసకగా ఉన్నాయి. శ్రీను గారూ, పగటి వెలుతురులో దగ్గర్నుంచి తీసి పెట్టండి. చెయ్యి అంత మంచిదైతే ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియాలి.