మాస్టారి గది సర్దేశారు, ఫొటోలో ఆయన కనబడ్డం లేదు

రంగులడబ్బా:
నాకు బొమ్మలు వేయడం నేర్పిన మాస్టారికి ఇప్పుడు 81 ఏళ్లు. ఆయన్ని ఆయన గదిలోనే ఫొటో తీయాలని చాన్నాళ్లుగా కోరిక. మొన్న వెళ్లేసరికి ఇంట్లోవాళ్లు గదంతా సర్దేసి, ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగి కుర్చీలో కూర్చోబెట్టారు. 50 ఎంఎం లెన్స్, ఎఫ్/1.8తో నలభై దాకా తీశాను. ముఖం బానే వచ్చింది కానీ ఎవరో పెద్దాయనలా ఉన్నారు తప్ప మా మాస్టారిలా లేరు. చేతులు వణుకుతున్నాయని ఒళ్లో దాచుకున్నారు కూడా, అది చూస్తే మనసు చివుక్కుమంటోంది. మళ్లీ వెళ్తాను, ఏం మార్చాలి?

పాతలెన్స్:
ముందు ఎఫ్/1.8 మానేయండి, గది కోసం వెళ్లి గదినే మసక చేస్తే ఎలా? మీది ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా అయితే 35 ఎంఎం లెన్స్, ఎఫ్/5.6 పెట్టండి, గది కూడా స్పష్టంగా వస్తుంది. ముఖం ఫ్రేమ్ అంచుకి రాకుండా చూసుకోండి, సాగినట్టు వస్తుంది. ట్యూబ్‌లైట్ ఆపేసి కిటికీ వెలుగొక్కటే ఉంచండి, నీడ వైపు మరీ నల్లబడితే ఓ తెల్ల దుప్పటి వేలాడదీయండి చాలు. ఫొటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో తీసిన సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ ఫొటో చూడండి, ఫ్రేమ్ నిండా పైకెత్తిన పియానో మూత, ఆయన కింద ఓ మూలన. అది స్ట్రావిన్‌స్కీ ఇల్లు కూడా కాదు.

కిటికీపక్క:
లెన్స్ సంగతి సరే. కానీ పాతలెన్స్ గారూ, పియానో ఎవరిదైనా పియానోయే, అరిగిపోయిన కుంచె మాత్రం ఆ ఒక్క మనిషిదే. ఆయన వస్తువులు ఆయన పెట్టుకున్న చోట ఉండాలి.

చేతుల గురించి: వాటికి పని ఇవ్వండి. 1944లో ఫ్రాన్స్‌లోని వాన్స్‌లో ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్ తీసిన చిత్రకారుడు మతీస్ ఫొటోలో మతీస్ ఒక చేత్తో తెల్ల పావురాన్ని పట్టుకుని రెండో చేత్తో దాని బొమ్మ గీస్తుంటారు, డెబ్బై దాటిన ఆ మనిషికి కెమెరా ధ్యాసే ఉన్నట్టుండదు. ఇంకో ఫొటోగ్రాఫర్ యూసఫ్ కార్ష్ అయితే 1954లో సంగీత విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌ని ఏకంగా వెనక నుంచి తీశాడు, ఖాళీ రాతి గది, పైన చిన్న కిటికీ, చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయిస్తున్న ముసలాయన వీపు. ముఖం కనబడకపోయినా మనిషి కనబడతాడు. వణుకుకి భయపడకండి, కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి 1/15 సెకను షట్టర్ వేగంతో కొన్ని తీయండి, ముఖం నిలిచి చెయ్యి కాస్త చెదిరితే అదీ ఆయనే. అయితే అవి ముందు ఆయనకే చూపించి, వద్దంటే అక్కడే తీసేయండి.

నెమ్మది:
గంట దాటనివ్వకండి, ఈ వయసులో అలసట బయటికి చెప్పరు. మొదటిరోజు కెమెరా బ్యాగులోనే ఉండనివ్వండి.

రంగులడబ్బా:
అందరికీ థాంక్సండి. ఇప్పుడే మాస్టారికి ఫోన్ చేశాను. సర్దినప్పటి నుంచి నీలం రంగు ట్యూబ్ ఎక్కడుందో దొరకడం లేదట, వారం నుంచి బొమ్మ ముట్టుకోలేదట. రేపు వెళ్లి ఆయన పక్కన కూర్చుని, ఏది ఎక్కడుండేదో అడిగి, అన్నీ తిరిగి ఆ చోట పెట్టొస్తాను.