ఒకే న్యూరాలజిస్ట్, మూడు పేర్లు: పేపర్లు ఒకచోటికి తేవడం ఎలా?

నేను న్యూరాలజిస్ట్‌ని. 2014 నుంచి స్ట్రోక్ మీద నావి 11 పరిశోధన పేపర్లు వచ్చాయి. ఎక్కువ భాగం 4.5 గంటల లోపు ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్ గురించే. సమస్య నా పేరు. ‘కె. వెంకట రావు’ లాంటిదే అనుకోండి. 6 పేపర్లలో రావు ఇంటిపేరైంది, 3 పేపర్లలో అసలు ఇంటిపేరే ఉంది, మిగతా 2 పేపర్లలో వెంకట ఇంటిపేరైపోయింది! వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో ఇంటిపేరు, ఇనిషియల్స్‌తో వెతికితే మూడు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తున్నాను.

మార్చిలో ఆర్కిడ్ (ORCID) ఐడీ, అంటే పరిశోధకుడికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, తీసుకుని, ఒక్కో పేపర్‌కి ఉండే గుర్తింపు నంబరు డీఓఐతో 11 పేపర్లూ చేర్చాను. అక్కడ అంతా బాగానే ఉంది. మా కాలేజీ ప్రమోషన్‌కి చూసే సైటేషన్ డేటాబేస్‌లో (ఎవరి పేపర్లను ఎంతమంది ఉదహరించారో లెక్కపెట్టేది) మాత్రం ప్రొఫైళ్లు కలపమని రెండుసార్లు అడిగాను. మొదటిసారి 9 కలిశాయి. మిగిలిన 2 పేపర్లు అవే ఇనిషియల్స్ ఉన్న ఒక కిడ్నీ డాక్టర్ ఖాతాలో ఉన్నాయి. రెండో అభ్యర్థనకి ‘ఆధారం చాలదు’ అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. ఆ 2 పేపర్ల మీద అప్పటి కాలేజీ చిరునామా, ఇప్పుడు పనిచేయని ఈమెయిల్ ఉన్నాయి. జర్నల్‌కి రాస్తే, సబ్మిట్ చేసినప్పుడు ఇచ్చిన పేరే వేశామన్నారు. నిజమే, ఆ ఫారం నింపింది నేనే.

ప్రమోషన్ ఫైల్ ఇవ్వడానికి మూడు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది. జర్నల్‌లో పేరు సవరించకుండానే, వేరొకరి ప్రొఫైల్‌లో చేరిన పేపర్లను వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఏ ఆధారం పంపితే డేటాబేస్ వాళ్లు ఒప్పుకున్నారు?