షికాగో స్టేడియంలోకి వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. 1929లో తెరిచి 1995లో కూల్చేసిన షికాగో స్టేడియం అనే ఇండోర్ స్టేడియం గురించి సాయం కావాలి. 1932లో రూజ్‌వెల్ట్‌ను అధ్యక్ష అభ్యర్థిగా ఎన్నుకున్న సభ అక్కడే జరిగింది. అదే ఏడాది డిసెంబరులో బయట మంచు ఎక్కువగా ఉండటంతో, సర్కస్ కోసం పోసిన మట్టి మీదే, 80 గజాలకు కుదించిన మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఆడేశారు! 1992లో షికాగో బాస్కెట్‌బాల్ జట్టు బుల్స్ టైటిల్ గెలిచిందీ అక్కడే. కూల్చేశాక ఆ చోట యునైటెడ్ సెంటర్ అనే కొత్త స్టేడియం పార్కింగ్ వచ్చింది, తలచుకుంటే బాధేస్తుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తి అక్కడి బార్టన్ ఆర్గన్ (గొట్టాలతో మోగే పెద్ద వాద్యం) మీద. హాలంతా దద్దరిల్లేదట. 1970ల నుంచి షికాగోలో ఉన్న మన పెద్దవాళ్లెవరైనా విన్నారా? పై వరసల నుంచి ఆట ఎలా కనిపించేది? పాత టికెట్లు, ఫొటోలు ఉంటే దయచేసి పెట్టండి.