అప్‌డేట్: తాతయ్య డిశ్చార్జ్ పుస్తకంలో 'పీఓఎల్', 'మణిపూర్ రోడ్' అంటే ఏమిటో తెలిసింది

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసిన మా తాతయ్య డిశ్చార్జ్ పుస్తకంలో (సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే సర్వీసు రికార్డు) ఈ రెండు మాటలు అర్థం కాక గతంలో ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

'రైల్వే స్టేషన్ పేరేమో చూడండి' అన్న సలహానే పనికొచ్చింది. మణిపూర్ రోడ్ అనేది రోడ్డు కాదు, ఇప్పటి నాగాలాండ్‌లోని దిమాపూర్ రైల్వే స్టేషన్‌కు అప్పటి పేరు. కోహిమా, ఇంఫాల్ వైపు జపాన్‌తో పోరాడిన మన సైన్యానికి రైల్లో వచ్చే సరుకు దిగింది అక్కడే.

పుస్తకాన్ని ఒక రిటైర్డ్ ఆర్మీ ఆఫీసర్‌కు చూపించాను. పీఓఎల్ అంటే పెట్రోల్, ఆయిల్, లూబ్రికెంట్లు అట. అంతకుముందు అనుకున్న పోలండ్, పోలీసు అన్న ఊహలు రెండూ తప్పే. తాతయ్యది రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ (కోర్ అంటే సైన్యంలో ఒక విభాగం). ఇంధనం సరఫరా వాళ్ల పని. ఆర్డ్‌నెన్స్ (ఆయుధాలు, మందుగుండు చూసే విభాగం) వాళ్ల రికార్డుల కోసం నేను తిరిగిన నెలలన్నీ వృథా, మీరు అటు వెళ్లకండి.

1944 మార్చి చివర్లో జపాన్ సేనలు కోహిమా-ఇంఫాల్ రోడ్డు తెంచేశాయి. జూన్ 22న అది మళ్లీ తెరుచుకునే దాకా ఇంఫాల్‌కు పెట్రోల్ కూడా విమానాల్లోనే వెళ్లింది. పెట్రోల్ నింపే 4 గ్యాలన్ల రేకు డబ్బాలు కారిపోయేవని తాతయ్య చెబుతుంటే చిన్నప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ మాటలు తలచుకుంటే గుండె బరువెక్కుతోంది.

ఇలాంటి పుస్తకం మీ ఇంట్లో ఉంటే ముందు కోర్ పేరు చూడండి. తాతయ్య పనిచేసిన కోరే 1950లో ఆర్మీ సర్వీస్ కోర్ అయింది.