తీగల పక్కన కొమ్మలు కొట్టే పనికి రేటు ఎలా మాట్లాడాలి?

నమస్కారం. రాజమండ్రిలో సొంతంగా చెట్ల పని చేస్తున్నాను, నాతో ఇద్దరు కుర్రాళ్లు. కొబ్బరి దింపు, ఎండుమట్టలు తీయడమైతే చెట్టుకింత అని చెప్పేస్తాను. పేచీ అంతా ఇళ్ల మధ్య పెరిగిన వేప, బాదం చెట్లతోనే. కొమ్మలు తీగలను ఆనుకుని ఉంటే లైన్‌మన్‌తో మాట్లాడి, కరెంటు ఆపించాకే కుర్రాళ్లను ఎక్కిస్తాను. పచ్చి కొమ్మలోనూ కరెంటు పారుతుంది కదా, ఆ టెన్షన్ నాది. మొన్న అలా సగం రోజు ఆగాల్సి వచ్చింది. ఇంటాయనేమో "చెట్టెక్కింది గంటేగా" అని డబ్బు తగ్గించారు. కొమ్మలు తరలించిన ట్రాక్టరు ఖర్చూ నా మీదే పడింది.

ఈ పనిలో ఉన్నవాళ్లు కరెంటు ఆపేదాకా ఎదురుచూసే సమయానికి కూడా డబ్బు ముందుగానే ఎలా మాట్లాడుకుంటారు? రోజు లెక్కా, గుత్తా? కుర్రాళ్లకు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించాను. 2 లక్షలు చాలవనిపిస్తోంది. ఇంకేం తీసుకోవచ్చో చెప్పండి.